గొలుసు తెగొద్దు

శుక్రవారం పొద్దున పదకొండున్నర దాటింది. దుమ్ముగూడెంలో చర్చి పక్క ఇల్లు. కట్టెల పొయ్యి మీద ఎసరు పెట్టి అంతోనమ్మ బియ్యం ఏరుతోంది. కొడుకు క్రాంతికుమార్ చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు.

"అజారు గాడేనమ్మా. వాడే చేసిండు."

"ఏంది చేసిండు? ముందు కూసో."

"కూసునే టైమ్ లేదు. మా ఆల్బం పోయింది. నిన్న మాపటికి టాప్ లిస్టుల నలభై ఒకటి. ఇయ్యాల లిస్టులనే లేదు, పాటలు గూడ లేవు. ఆల్బం పేరు 'మూడో హెచ్చరిక' అని కొడితే గోదారి వరద వార్తలొస్తున్నయ్."

"నీ ఫోన్లనే లేవా, అందరికీ లేవా?"

"అందరికీ. యాప్ వాళ్ళే తీసేసిండ్రు."

"సిగ్నల్ లేదేమో చూడరాదు. గాలిదుమారం వచ్చె గదా."

"సిగ్నల్ గాదమ్మా! దొంగ లెక్క అన్నరు. ఒక్క జాగల ముప్పై ఆరు ఫోన్లంట. రెండు దినాలు ఆగకుండ మా పాటలే. గంట కాంగనే అన్నిట్ల ఒక్కసారే మళ్ళ మొదటి పాట. మనుషులెవ్వరు గట్ల ఇనరు, ఇది మిషన్ పని అన్నరు."

"మిషనా?"

"అవ్."

"మిషనెందుకైతది..."

"ఏమన్నవ్?"

"ఏమనలే. బియ్యంల అన్నీ రాళ్ళే."

"అన్ని ఫోన్లు ఎవరి దగ్గరుంటయో చెప్పు? భద్రాచలంల రహీం చాచా షాపుల ఉంటయ్. రిపేరుకొచ్చినయ్, పాతయి, అన్నీ. వాళ్ళ కొడుకే గదా మా డ్రమ్స్ అజారుద్దీన్. పగలంత ఆ షాపులనే కూసుంటడు. ఇంకెవరు చేస్తరు?"

"వాణ్ణడిగినవా?"

"పొద్దుగాల్నే పోయిన. గిరాకీలున్నరు, అయినా అందరి ముందట అడిగిన. నువ్వేనారా అన్న. తలకాయ వంచిండు. అవ్ అన్నడు."

"అవ్ అన్నడా?"

"అవ్ అన్నడు. రహీం చాచా చాయ్ తాగేది ఆపి గ్లాసు కింద పెట్టిండు. నేను ఊకోలేదమ్మా. ఆరేండ్ల కష్టం మట్టిల గలిపినవ్ గదరా అన్న. బ్యాండులకెళ్ళి పొమ్మన్న. కాలర్ పట్టిన."

"కొట్టినవా?"

"పట్టిన అంటున్న గదా."

"కొట్టినవా, క్రాంతీ?"

"ఒక్కటి."

"మరియమ్మ తల్లీ!"

"నీకు తెల్వదమ్మా. ఇయ్యాల పన్నెండింటికి ఈ వారం లెక్క మూస్తరు. మొదటి యాభైల ఉంటే కంపెనీ మాతోని రెండో ఆల్బం తీస్తది. లేకుంటే ముగ్గుర్ని ఇడిసిపెడ్తది. జెస్సికాకు జూన్ల పెండ్లి, ఆ పిల్ల మళ్ళ కీబోర్డు ముట్టదు. నాకు ముప్పై రెండొచ్చినయ్. ఈ ఒక్కదానికోసం ఉన్న నౌకరీ మానుకున్న. ఇది గూడ పోతే నేనేందమ్మా? నాకేం మిగుల్తది?"

"నీళ్ళు తాగు."

"వద్దు."

"మరి కంపెనీవోళ్ళు ఇప్పుడేమంటరు?"

"ఎవడో ఒక్కడు తెలివిలేక సొంతంగ చేస్తే వాణ్ణి బ్యాండులకెళ్ళి తీసేసి, వాని పేరు రాసి పంపమన్నరు. దొంగ లెక్క కోసేసి ఆల్బం మళ్ళ పెట్టిస్తరంట. గదే ఇంటోళ్ళు, చుట్టాలు గల్సి చేయించిండ్రని తెలిస్తే అగ్రిమెంటే రద్దు."

"ఇంటోళ్ళంటే?"

"ఇంటోళ్ళంటే ఇంటోళ్ళే. అమ్మలు, నాయినలు... ఎందుకడుగుతున్నవ్?"

"పంపినవా పేరు?"

"పదింటికే పంపిన."

"వాడు చెయ్యలేదు."

"వాడే ఒప్పుకున్నడమ్మా."

"వాడు చెయ్యలేదు నాయనా."

"నీకెట్ల తెలుసు? అమ్మా, ఇటు చూడు. ఆ చాట పక్కన పెట్టు. నీకెట్ల తెలుసు?"

"నువ్వే గదా అన్నవ్. పోయిన ఆదివారం పూజ అయినంక మైకు పట్టుకొని నిలబడ్డవ్. మీరు ఎంత ఇంటే పాట అంత పైకి పోతది, ఆగకుండ ఇనుండ్రి అన్నవ్."

"అన్న. అయితే?"

"అయితే ఏంది? గొలుసు కట్టినం."

"ఏం గొలుసు?"

"గొలుసు ప్రార్థన కట్టమా? గంటకొకరం. ఒకరు లేస్తే ఒకరు కూసుంటం, మధ్యల తెగొద్దు. మీ నాయిన దవాఖానల ఉన్నప్పుడు కట్టలేదా? గట్లనే. మంగళారం పొద్దూకినంక మొదలుపెట్టినం. కూలికి పొయ్యేటోళ్ళు ఫోన్లు చర్చిల బెంచీ మీద పెట్టి పోయిండ్రు. సిగ్నల్ నిలువది గదా, అన్నిటిని ఫాదర్ గారి ఇంటర్నెట్టుకు కలిపినం. గంట కాంగనే కొత్తగ కూసున్నామె అన్నిట్ల మళ్ళ మొదటి పాట పెట్టాలె. నా తర్వాత కూసున్న ప్రమీలారాణికి కండ్లు సరిగ అవుపడయి, పాపం తడుముకుంట తడుముకుంట పెట్టింది."

"ముప్పై ఆరా?"

"ముప్పై ఆరు. సప్పుడు మాత్రం ఒక్కదాంట్లనే పెట్టినం. తలకాయ నొస్తదని."

"ఎంత పని చేసినవమ్మా. ఎంత పని చేసినవ్!"

"మిషన్ గాదు బిడ్డా, మనుషులమే ఇన్నం. గా నాలుగో పాట నాకు నోటికొచ్చింది. ఇగో బుక్కు. గంటకో పేజీ, కూసున్నామెతోని సంతకం పెట్టిచ్చిన."

"అజారుకు తెలుసా ఇది?"

"బుధారం వచ్చిండు, నా ఫోన్ చార్జర్ ఇద్దామని. చూసి బెదిరిండు. ఆపండమ్మా, కంపెనీవోళ్ళు పట్టుకుంటరు అన్నడు. కట్టిన గొలుసు మధ్యల తెంపుతమా? రెండు దినాలు అనుకున్నం, తెగొద్దు అన్న. తెల్లారగట్ల నాలుగింటిది ఎవరు కూసుంటరమ్మా అని అడిగిండు. ఎవ్వరు ముందుకొస్తలేరు, నేనే రెండు గంటలు కూసుంట అన్న. నీకు బీపీ ఉన్నది, నేనెట్లాగు నమాజుకు లేస్త గదా, నేను కూసుంట అన్నడు. ఆ పొద్దు ఈడనే పండుకున్నడు. ఇగో, నాలుగు నుంచి అయిదు. వాని సంతకమే."

"నాకెందుకు చెప్పలే?"

"నేనే వద్దన్న. నువ్వు లెక్క చూసి సంబరపడ్తున్నవ్. మరి కంపెనీవోళ్ళు అడిగితే ఏం జెయ్యాల్రా అంటే నవ్విండు. నీ పేరు రానియ్యనమ్మా, నేను అవ్ అంట, అయిపాయె అన్నడు. నిజంగనే అంటడనుకోలే. నువ్వు కొడ్తవనుకోలే."

"దేవుడా."

"ఏడ్వకు. ఇంక పది నిమిషాలున్నది గదా? ఫోన్ జెయ్యి. తెల్వక చేసిన అని నేనే చెప్త. మళ్ళ రహీం భాయ్ ఇంటికి పోదాం. పోయి వాని చేతులు పట్టుకో."

"చేస్త. చేస్తున్న. ఆగు."

"ఏమైంది?"

"మెసేజ్ వచ్చింది. కంపెనీదే."

"ఏమున్నది? సదువు."

"పేరు అందిందంట. ఆల్బం మళ్ళ పెట్టిండ్రంట. మీ ముప్పై ఆరు ఫోన్లయి కోసేసిండ్రు. అమ్మా, నలభై ఎనిమిది! మీయి కోసేసినా నలభై ఎనిమిదమ్మా!"

"మాయి లేకున్నానా? మరి మా గొలుసు..."

"అక్కెరే లేకుండె."

"పోనీలే. ఉన్నది గదా, దేవుని దయ. ఇప్పుడన్న చెయ్యి ఫోను. ఆ పిల్లగాని పేరు తీపియ్యి."

"తీపియ్యాల్నంటే నీ పేరు చెప్పాలె."

"చెప్పు."

"చెప్తే అగ్రిమెంట్ రద్దమ్మా."

"అయితే? క్రాంతీ... గట్ల చూస్తవేంది?"

"ఆ బుక్కు ఇంకెవరన్న చూసిండ్రా?"

"సంతకం పెట్టినోళ్ళు తప్ప ఎవ్వరు చూడలే. ఎందుకు?"

"అజారు సంతకమున్న పేజీ ఒక్కటి చించి నాకియ్యి. మిగతా బుక్కు పొయ్యిలెయ్యి."