బేస్తారం అందిన టెలిగ్రాం

భద్రాచలం బస్టాండు, 1987. ఆదివారం మధ్యాహ్నం. హైదరాబాదు బస్సు పక్కన ఇద్దరు: హైదరాబాదులో టీచర్ ట్రైనింగ్ చదువుతున్న లాలి, దుమ్ముగూడెం అవతలి పల్లెలో ఆమెకు అక్షరాలు దిద్దించిన వెంకటనారాయణ మాస్టారు.

"నేను పోను అంటున్న గద సార్."

"మూడు రోజుల పర్మిషనే అన్నావు. రేపు హాజరు పడకపోతే హాల్ టికెట్ ఆపుతారమ్మా."

"ఆపనీయున్రి. రేపు అయ్యకు ఐదో రోజు దినం. కూతురు లేకుంట చేస్తరా?"

"మీ చిన్నాయన ఉన్నాడు. నెల ఓర్చుకుంటే టీచరమ్మవి. మన పల్లెకి మొదటి టీచరమ్మవి."

"గా హాస్టల్ల కిటికీ తీస్తే గోడ సార్. చెయ్యి చాపితే తగుల్తది."

"అందరికీ అదే గోడ కదా."

"క్లాసుల 'అవ్' అన్ననని పిల్లలు వారం దాక నవ్విన్రు. సూపర్‌వైజర్ మేడమ్ ఆపలే. రికార్డుల ఎర్రసిరాతోని రాసింది, భాష మార్చుకోవాలని."

"మార్చుకో. ఉద్యోగం వచ్చాక నీ ఇష్టం, ఎట్లా మాట్లాడినా అడిగేవాడుండడు."

"అడవుల పాఠానికి ఇప్పచెట్టు బొమ్మ గీసుకపోయిన. పుస్తకంల లేదు, తీసెయ్యమన్నది."

"తీసేశావా?"

"టేకుచెట్టు గీసిన."

"తెలివైన పని."

"మానేస్తనంటే సర్టిఫికెట్లు ఇయ్యరంట. పదో తరగతిదాంతో సహా ఆఫీసు బీరువల పెట్టుకున్నరు."

"అందుకే వెళ్ళమంటున్నాను."

"సార్."

"ఊఁ."

"అయ్య ఎప్పుడు పోయిండు?"

"మీ అమ్మ చెప్పలేదా?"

"బుధారం పొద్దుగూకంగ అన్నది. సోమారమే నన్ను పిలిపియ్యమన్నడంట. మీకు కబురు పెట్టిన్రంట."

"పెట్టారు."

"మీరేమన్నరు?"

"టెలిగ్రాం ఇస్తానన్నాను. టీ తాగుతావా? బస్సుకింకా…"

"వద్దు. నాకు బేస్తారం పొద్దుగూకంగ అందింది. నేనొచ్చేసరికి ముఖం కూడ లేదు, మన్నే ఉన్నది."

"గురువారం దాకా గాలివానకి లైన్లు లేవమ్మా. రెండు రోజులు ఇక్కడి పోస్టాఫీసులో కూడా…"

"ఇచ్చిన తారీఖు కాయితం మీదనే ఉంటది సార్. నాలుగో తరగతిల మీరే చెప్పిన్రు."

"చెప్పాను."

"బేస్తారం, పగటాల రెండింటికి అని ఉన్నది."

"డ్రైవర్ వచ్చాడు లాలీ. ఎక్కు."

"రానీయున్రి. సోమారం నుంచి బేస్తారం దాక గా టెలిగ్రాం ఏడున్నది?"

"నా జేబులో."

"ఏంది?"

"సోమవారమే వచ్చి ఫారం నింపాను. కౌంటర్ దాకా వెళ్ళాను. మీ అయ్యకి ఏటా వచ్చే చలిజ్వరమే కదా అనుకున్నాను. బిళ్ళలు ఇచ్చి వచ్చాను. గురువారం పొద్దున నీ ఆఖరి పాఠం పరీక్ష. అది తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే నువ్వు మళ్ళీ వెళ్ళవు. నాకు తెలుసు, వెళ్ళవు."

"అయ్యకు ఏం చెప్పిన్రు?"

"నువ్వు దారిలో ఉన్నావని."

"నమ్మిండా?"

"దూలయ్య నా మాట ఎప్పుడు కాదన్నాడు? బుధవారం మంచం వాకిట్లో వేయించుకున్నాడు. బాట కనపడాలని."

"నా బాట చూసుకుంటనే పోయిండా?"

"తిట్టు తల్లీ. ఏమన్నా పడతాను."

"మిమ్మల్ని తిట్టుడు నాకు ఎవరు నేర్పిన్రు సార్?"

"అయితే బస్సెక్కు. ఆ పాఠం కోసమే ఇంత పాపం చేశాను. అదన్నా దండగ కానీయకు. బాగా చెప్పావా? పరీక్షకి వచ్చినాయన ఏమన్నాడు?"

"చెప్పలే."

"అవున్లే, మార్కులు ముందే చెప్పరు…"

"పాఠమే చెప్పలే సార్. ఆయన రాలే. సోమారం పగటాలనే పరీక్ష వాయిదా అని నోటీసు పెట్టిన్రు. మంగళారం, బుధారం, బేస్తారం, మూడు దినాలు నేను బట్టలు ఉతుక్కుంట, జడలేసుకుంట హాస్టల్ల ఖాళీగ కూసున్న."

"ఖాళీగా…"

"అవ్."

"మరి ఆ పరీక్ష ఎప్పుడు పెట్టారు?"

"రేపు పొద్దుగాల పదింటికి."

"లాలీ…"

"ఎక్కుత సార్. ఇంక ఎక్కకుంటే ఎట్ల? రేపు అమ్మకు మాత్రం నేను దారిల ఉన్ననని చెప్పకున్రి."