ఫర్నేసుకు కట్టిన ఎర్ర చీటీ

నార్త్ డకోటాలో డిసెంబరు మధ్యాహ్నం. బయట చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. లవాన్ టీచరుగారి నేలమాళిగలో, ఇల్లంతటికీ వెచ్చగాలి పంపే ఫర్నేసు నిన్నటి నుంచి చల్లారి ఉంది. దాని ముందు మోకాళ్ళ మీద కూచున్నవాడు ఆ ఊరి మరమ్మతు మనిషి వెండెల్. చిన్నప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నాడు.

“ఆ చీటీ విప్పేసి వెలిగించు. నేనడిగేది అంతే.”

“విప్పకూడదండీ టీచరుగారూ. ప్రమాదమని ఎర్ర చీటీ కట్టాక గ్యాసు తెరిస్తే నా లైసెన్సు పోతుంది.”

“నిన్నొచ్చిన పట్నం కంపెనీ మనిషి కట్టాడు. పావుగంట కూడా చూడలేదు. మరమ్మతుకి మూడువేల ఆరొందల డాలర్లట, పాతదానికి అదీ దండగట. కొత్తదైతే ఏడువేల రెండొందలట. ఇవాళే సంతకం పెడితే మూడొందలు తగ్గిస్తాడట. రేపటికి ఆ మూడొందలూ ఎక్కడికి పోతాయి నాయనా అన్నాను. పళ్ళికిలించాడు.”

“ఇవాళే సంతకం పెట్టమన్నవాడికి ఎప్పుడూ పెట్టకండి. ధర ఎక్కువే చెప్పాడు. జబ్బు మాత్రం సరిగ్గానే చెప్పాడు.”

“నువ్వూ వాడి పక్షమేనా?”

“ఈ అద్దంలో చూడండి. మంట మండే ఇనప గది ఇది. పగిలింది. గొట్టంలోంచి బయటికి పోవాల్సిన విషగాలి ఈ పగులులోంచి ఇంట్లోకొస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.”

“వెంట్రుక అంటుకుందేమో అనుకున్నాను.”

“వెంట్రుక కాదు.”

“ఏటా అక్టోబరులో నువ్వే వచ్చి శుభ్రం చేసేవాడివి. ఈ ఏడు రాలేదు. నువ్వొచ్చి ఉంటే నేను పట్నంవాళ్ళని పిలిచేదాన్నా?”

“పని ఎక్కువైంది.”

“రెండుసార్లు ఫోను చేశాను.”

“పని ఎక్కువైందండీ.”

“సరేలే. కాఫీ తాగుతావా?”

“వద్దండీ.”

“కాచే ఉంది.”

“మీకెందుకు శ్రమ. ఇంటికెళ్ళి తాగుతాను.”

“కాస్త తాగు. బంగాళాదుంప లెఫ్సా రొట్టెలు కూడా ఉన్నాయి.”

“అయితే అరకప్పు.”

“మూడోసారి దాకా ఒప్పుకోలేదు చూడు. మీ అమ్మ పెంపకం ఎక్కడికీ పోలేదు. మొదటిసారే సరేనంటే ఆవిడ నీ చెవి మెలేసేది.”

“ఇప్పటికీ మెలేస్తుంది.”

“సరే, ఆ గది ఒక్కటీ మార్చు. అది చాలదా?”

“గదికి కంపెనీవాళ్ళు ఇరవై ఏళ్ళు పూచీ ఇస్తారు. కొన్నప్పుడు పెట్టెలో కార్డొకటి ఉంటుంది. పేరు రాసి పోస్టులో పంపారా?”

“పచ్చ కార్డా?”

“అదే.”

“వాషింగ్ మెషిను కాలు కింద ఉంది. ఊగుతోందని మా ఆయన ఆర్విడ్ మడిచి పెట్టాడు.”

“అలాగైతే గది కూడా మీరే కొనాలి. పైన రోజంతా కూలీ. దీనికి పద్దెనిమిదేళ్ళు. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి వచ్చిందంటే ఇక పాతదాని మీద డబ్బు పెట్టకూడదు. ఎవరింటికెళ్ళినా ఇదే చెబుతాను.”

“ఆర్విడ్ పోయాక వచ్చేది ఒక్క పింఛనే. ఇప్పుడు కొత్తది ఎక్కడ కొననూ? గొట్టాలు గడ్డకట్టి పగలకుండా నీళ్ళన్నీ బయటికి వదిలేసి, తాళం పెట్టి, ఫార్గోలో మా చెల్లెలింటికి పోతాను. ఎండలొచ్చాక ఇల్లు అమ్మేస్తాను.”

“ఆవిడింట్లో మీరు రెండ్రోజులుండలేరు.”

“దాని పిల్లులు ఒక్కరోజే ఉండనిస్తాయి. ఏం చెయ్యమంటావు మరి? నలభై రెండేళ్ళున్నాను ఈ ఇంట్లో. చలికి గడ్డకట్టుకుని చావలేను కదా.”

వెండెల్ అద్దం తుడిచి పెట్టెలో పెట్టాడు. మళ్ళీ తీసి మళ్ళీ తుడిచాడు.

“టీచరుగారూ. నా కొట్లో ఒక ఫర్నేసుంది. రెండేళ్ళే వాడారు. పాత బ్యాంకు పడగొట్టినప్పుడు తెచ్చాను. ఈ రాత్రికే పెట్టేస్తాను. మీరేమీ ఇవ్వక్కర్లేదు.”

“అబ్బే, వద్దు.”

“కొట్లో అడ్డంగా ఉందది.”

“వద్దు వెండెల్. నీకూ సంసారముంది. ఎవరైనా కొనుక్కుంటారు.”

“మూడోసారి అడుగుతున్నాను. పెట్టనివ్వండి.”

“ఎందుకు?”

“ఎందుకేమిటండీ?”

“మా వీధి కార్లీన్ ఇంట్లో ఒక్క మీట నొక్కి అరవై డాలర్లు తీసుకున్నావు. ఊరంతా చెప్పుకుంది. నాకు మాత్రం ఊరికే ఎందుకు?”

“నాకు చదువు చెప్పారు కదా.”

“కార్లీన్ తమ్ముడికీ చెప్పాను. ఎందుకు?”

“మీకు తలనొప్పి వస్తోందా ఈమధ్య?”

“నేనడిగినదానికి చెప్పు.”

“వస్తోందా, లేదా?”

“పొద్దున్నే వస్తుంది. కిటికీ బెత్తెడు తెరిచి పడుకుంటాను, మా అమ్మ అలవాటు. లేచి తిరిగితే తగ్గుతుంది.”

“ఆర్విడ్‌గారికి?”

“ఆయన కిందే పడుకునేవాడు. ఆ కుర్చీలో, దీని పక్కనే. పైన నీ కిటికీతో నేను వేగలేను అనేవాడు.”

“ఆస్పత్రిలో ఏమన్నారు?”

“గుండె అన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళవాడికి గుండె అంటే మళ్ళీ ఎవరడుగుతారు? నువ్వు ఇప్పుడెందుకు అడుగుతున్నావు?”

“పోయినేడు అక్టోబరులో వచ్చినప్పుడే చూశాను దీన్ని.”

“దేన్ని?”

“పగులుని. అప్పుడది సన్నటి గీత. మీటరు పెట్టి చూశాను, ఏమీ చూపించలేదు. చలి ముదిరేలోగా మార్చేద్దాం, నాకు పడ్డ ధరకే కొత్తది పెడతాను అన్నాను. వద్దులే, నీకెందుకు శ్రమ అన్నారు ఆర్విడ్‌గారు.”

“ఊఁ.”

“మళ్ళీ అడిగాను. ఈ ఏటికి గడుస్తుందిలే అన్నారు.”

“రెండుసార్లు.”

“రెండుసార్లేనండీ. ఆ రోజు ఇంకా మూడిళ్ళకు వెళ్ళాలి. సరేనని బండెక్కాను. మర్నాడు రావచ్చు. ఆ వారంలో ఎప్పుడైనా రావచ్చు. రాలేదు. ఫిబ్రవరిలో చావు కబురు విన్నాను. తర్వాత ఈ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు.”

“ఆయన గుండెతో పోయాడో, దీనితో పోయాడో నీకు తెలీదు.”

“తెలీదు. ఇక ఎవరికీ తెలీదు. ఆయనే వద్దన్నారు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. రోజూ అదే చెప్పుకుంటున్నాను. ఆయన సంగతి మీకు తెలుసు. నిజంగా వద్దనుకునే అన్నారా?”

“కాఫీ చల్లారిపోతుంది. ఉండు, తెస్తాను.”

“చెప్పి వెళ్ళండి.”

“ఉండమన్నానా.”

ఆమె మెట్లెక్కి వెళ్ళింది. పైన సొరుగు తెరిచిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు ఒక చేతిలో కప్పుంది, రెండో చేతిలో కవరుంది.

“సరే, నీ ఫర్నేసు తెచ్చి పెట్టు. ఒప్పుకుంటున్నాను. ఊరికే మాత్రం కాదు. ఇది తీసుకో.”

“ఏమిటిది? చెక్కు. నా పేరుంది. నాలుగువేల వంద... టీచరుగారూ, ఇది మీ దస్తూరీ కాదు.”

“కాదు.”

“నేను ఆ రోజు ఆయనకు చెప్పిన ధర ఇది.”

“తేదీ చూడు. ఇప్పుడిది బ్యాంకులో చెల్లదు, అయినా నీదే. నువ్వెళ్ళిన సాయంత్రమే రాసి పెట్టుకున్నాడు. వెండెల్ ఇంకోసారి అడుగుతాడు, అప్పుడు సరేనంటాను అన్నాడు. నువ్వే ఫోను చెయ్యరాదా అన్నాను. అడగనివాడికి సరేనని ఎలా చెబుతాం అన్నాడు. మంచు పడి దారి మూసుకుపోయేదాకా రోజూ ఇంత కాఫీ ఎక్కువ కాయించి, కిటికీ దగ్గర కూచుని నీ బండి కోసం చూశాడు.”