పదోవాడి కోసం బెల్లం మండీకి

"తాతా, మీ కాలంలో కూడా కాలేజీ సీటు కోసం ఇట్లనే కాచుకొని కూర్చునేవాళ్ళా?"

సీటు కోసమా? మేమా? బలే దానివే అమ్మీ! మా కాలంలో సీట్లే మా కోసం కాచుకొని ఉండేవి. నవ్వబాక, నిజంగానే చెప్తావుండా. ఆ సెల్లు పక్కన పెట్టు, సీటు కబురొస్తే అదే మోగుతుంది. ఇప్పుడు కౌన్సిలింగు అంటారే, దానికి మీరు పోతారు. మాకేమో కాలేజీనే పిల్లోళ్ళను ఎతుక్కుంటా వీధిలోకి వచ్చింది. వచ్చింది అంటే... పోయింది నేనూ, మా కుప్పుసామీ అనుకో. ఆ సంగతి చెప్పాలంటే బెల్లం మండీ కాడ మొదలుపెట్టాల. కాదు కాదు, దానికంటే ముందు మా నాయన కాడ.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటేడు. అప్పుడన్నీ కంట్రోలే, చీటీ ఉంటేనే సరుకు. కిరసనాయిలు కంట్రోలు, గుడ్డ కంట్రోలు. నాకు ఒకే చొక్కా... కాదు, రెండు, ఒకటి మా అన్నది. పాకాల పక్క పల్లె నుంచి ఎస్సెల్సీ పాసై చిత్తూరుకు వచ్చినాను. ఆడ ఒక చిన్న కాలేజీ, ప్రయివేటుది. ఊర్లో వకీళ్ళూ వర్తకులూ నలుగురు చేరి కమిటీ పెట్టి, ఒక వకీలుగారి పాత ఇల్లు బాడుగకు తీసుకొని నడిపేవాళ్ళు. పేరు చెప్పినా ఇప్పుడు ఎవురికీ తెలీదులే, కొన్నేండ్లు నడిచి మూతబడింది. ఇంటర్మీడియెట్ ఒకటే ఉండేది. లెక్కల గ్రూపుకు ముందర హాలు, సైన్సు గ్రూపుకు మేడ మీద గది. మా మూడో గ్రూపుకు, అంటే చరిత్రలూ లాజిక్కూ చదివేవాళ్ళకు, పెరట్లో ఉండే జట్కా కొట్టం. నిజం పాపా! గుర్రాన్ని కట్టేసే గుంజ క్లాసు నడిమిట్లో అట్లనే ఉండేది. దాని ఎనకాల కూర్చుంటే సారుకు మనం అగపడం. ఆ చోటుకు ఎంత పోటీ అంటావు!

నాకు లెక్కలు రావు. మీ నాయనకు చెప్పబాక, వాడు నన్ను గురించి ఇంకోరకంగా అనుకొని ఉండాడు. కప్పను కోసేది నాకు పడదు. ఇంక నాకు మూడో గ్రూపే గతి. అదీ లేదనుకో? మా నాయన ముందే చెప్పేసినాడు. "ఒరే రాఘవులూ, చిత్తూర్లో కుదిరితే చదువు. మద్రాసుకు పంపే తాహతు నాకు లేదు. కుదరకపోతే గూడూరుకు పో. మీ మామ కాడ నిమ్మకాయలు ఏరుకుందువు."

గూడూర్లో మా మేనమామకు నిమ్మకాయల మండీ. మంచోడే పాపం. ఒక ఎండాకాలం సెలవల్లో పోయి ఆయన కాడ ఉండినాను. పొద్దస్తమానం ఏరేదే పని. పెద్ద కాయలు ఈ పక్క, చిన్నవి ఆ పక్క, డాగు పడినవి గంపలోకి. కండ్లు మూసుకున్నా పచ్చగా దొర్లతా ఉండేవి. ఇంట్లో పప్పులో నిమ్మకాయే, మజ్జిగలో నిమ్మకాయే. మా అత్త పెట్టిన ఊరగాయి మాత్రం... అబ్బ, ఆ చెయ్యి మళ్ళీ ఇంకెవురికీ రాలే. మెల్లిగా చెప్తావుండా, మీ అవ్వ ఇంటుందేమో.

యాడున్నాము? ఆ, కాలేజీ తెరిచినారు. తెరిచిన కొన్నాళ్ళకే ప్రిన్సిపాలుగారు బోర్డు మీద రాయించినారు. మూడో గ్రూపులో పదిమంది లేకపోతే కమిటీ దాన్ని ఎత్తేస్తుంది, నెలాఖరు దాకా చూస్తారు అని. మేము చూస్తే తొమ్మిదిమంది. ఒక్కడు తక్కువ! నాకు ఆ బోర్డు కాడే గూడూరు రైలు కూత ఇనిపించింది.

కుప్పుసామి నా జతగాడు, చిత్తూరోడే. వాళ్ళింట్లో సగం అరవం, సగం తెలుగు. కోపమొస్తే మాత్రం రెండూ పూర్తిగా వచ్చేవి. వాడన్నాడు, "ఒరే, గంగాధరం ఉండాడు గదరా! మా స్కూల్లో వాడే ఫస్టు."

"మరి యాడుండాడు?"

"యాడుంటాడు? పెండ్లయింది. ఇల్లటం అల్లుడు. మామగారి బెల్లం మండీలో కూర్చోబెట్టేసినారు."

ఆ మామ మునిసామినాయుడు అంటే చిత్తూరు బెల్లం మండీల్లో పేరున్న మనిషి. ఒక్కతే కూతురు, అందుకని అల్లుణ్ణి ఇంటికే తెచ్చుకున్నాడు. మరుసటి దినం పొద్దున్నే మేమిద్దరం పోయినాము. ముందు ఒక ఓటల్లో ఇడ్లీ తిన్నాము. ఇడ్లీ అరణానో, అణానో... అణాకు రెండు అనుకుంటా. చట్నీ అడిగినంత పోసేవాళ్ళు, అది మాత్రం బాగా గెవనం ఉండాది.

మండీలో అడుగుపెడితే బెల్లం వాసన మొగానికి కొడుతుంది. గంగాధరం ఒక మూల బస్తాల మధ్యలో కూర్చొని ఉండినాడు. మమ్మల్ని చూసి లేచొచ్చినాడు. సంగతి చెప్తే వాని మొగం ఎలిగిపోయింది. అంతలోనే మామ పక్క చూసి, "నాకు ఇష్టమేనప్పా. ఆయన్ని అడగండి" అని గొంతు తగ్గించేసినాడు.

నాయుడు పరుపు మీద కూర్చొని బెల్లం ముక్క నోట్లో వేసుకొని రుచి చూస్తావుండాడు. మా చేతుల్లో కూడా చెరొక ముక్క పెట్టినాడు.

"ఎవురబ్బాయిలూ మీరు? సరుకు కోసమా?"

"కాదు నాయుడుగారూ, గంగాధరాన్ని కాలేజీలో చేర్పించమని అడగను వచ్చినాము."

"కాలేజీలో ఏమి చెప్తారు?"

"చరిత్ర, లాజిక్కు."

"చరిత్ర తెలుసు, సచ్చిపోయిన రాజుల సంగతి. ఈ లాజిక్కు ఏమి సరుకు?"

నేను నోరు తెరిచేలోపల కుప్పుసామి ముందరికి దూకినాడు. మాకు అప్పటికి అయిందే ఒక పాఠం. పుస్తకంలో మొదటి ఉదాహరణ, ఏ దేశంలోనైనా అదే చెప్తారు. దాన్ని వాడు నాయుడుకు అర్థం కావాలని ఆయన పేరుతోనే కట్టినాడు. "చూడండి, శానా సులభం. మనుషులందరూ సచ్చిపోయేవాళ్ళే. మునిసామినాయుడు మనిషి. కాబట్టి మునిసామినాయుడు సచ్చిపోతాడు!" అని చేతులు కట్టుకొని నిలబడినాడు, ఆయనేదో మార్కులు వేస్తాడన్నట్టు.

శుక్రవారం అమ్మీ అది. పొద్దున్నే. ఇంకా బోణీ కాలే. పటాల ముందర సాంబ్రాణి పొగ కూడా పోలే. కాటా కాడ తూకమేసే మనిషి తూకం నిలిపేసినాడు. గంగాధరం తల పట్టుకున్నాడు. నాయుడు కండ్లు మూసుకొని, "గోయిందా, గోయిందా" అని తిరుమల దిక్కుకు దండం పెట్టినాడు. కండ్లు తెరిచి, "కర్ర యాడరా?" అన్నాడు.

ఇంక మేము యాడా నిలబడలే. వీధి చివర నిలబడి రొప్పుతా ఉంటే, కుప్పుసామి అంటాడూ, "ఒరే, నేను చెప్పినదాంట్లో తప్పేముందిరా?" నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. చేతిలో బెల్లం ముక్క ఉండింది కాబట్టి బతికిపోయినాడు.

సోమవారం లాజిక్కు క్లాసు. శేషాద్రి సారు పడుచుపిల్లోడు, మద్రాసులో చదివొచ్చినాడు. శానా మెత్తనోడు. పాఠమంతా ఇంగ్లీషులోనే. బోర్డు మీద ఏదో రాస్తావుంటే, జరీ కండువా వేసుకొని నాయుడు కొట్టంలోకి వచ్చేసినాడు! సారు ఎవురో కమిటీ మెంబరు అనుకున్నాడు పాపం. "రండి, కూర్చోండి" అన్నాడు. నాయుడు నేరుగా వచ్చి గుంజ ఎనకాల నా పక్కనే కూర్చున్నాడు. నేను పుస్తకం మొగానికి అడ్డం పెట్టుకున్నాను.

నా చెవి కాడికి వంగి, "ఈయప్పేనా మీకు సావులు నేర్పించేది?" అన్నాడు.

"కాదు నాయుడుగారూ... అవును నాయుడుగారూ."

ఆ ఇంగ్లీషు కాసేపు ఓర్చుకున్నాడు, తర్వాత లేచి నిలబడినాడు. "అయ్యవారూ, ఒక మాట. మీ పిల్లోళ్ళు బోణీ కాకముందు నా మండీకొచ్చి, నేను సస్తానని లెక్కేసి చెప్పినారు. ఇదేనా చదువు?" అని జరిగిందంతా చెప్పినాడు.

కుప్పుసామి బెంచీ కిందకి దిగిపోతా ఉండాడు. సారు మెల్లిగా, "మొదటి మాట తప్పంటారా నాయుడుగారూ?" అన్నాడు.

"కాదు. అందరం పోయేవాళ్ళమే."

"రెండోది?"

"నేను మనిషినే, అనుమానమా?"

"మరి తప్పు ఎక్కడుంది?"

"తప్పు మాటలో లేదయ్యా, వేళలో ఉండాది!"

సారు నవ్వేసినాడు. "నిజమే. దానికి మా పుస్తకంలో అధ్యాయం లేదు. పిల్లల తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను" అని చేతులు జోడించినాడు. అంత చదివిన మనిషి చేతులు జోడిస్తే నాయుడు కూడా ఎదురు దండం పెట్టేసినాడు. మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు సారు అడిగినాడు, "కోపం పోయింది కదా, మరి గంగాధరాన్ని ఎందుకు పంపరు? మండీలో పనికి మనుషులు లేకనా?"

నాయుడు కండువా అంచు మెలిపెట్టినాడు. నేను పక్కనే ఉండా కదా, నాకు ఆ చేతులు బాగా అగపడతావుండాయి. "మనుషులకేమి తక్కువ? చదివితే కచ్చేరీ ఉద్యోగమని మద్రాసో, బళ్ళారో పోతాడు. ఆయన ఎంట నా కూతురు పోతుంది. నాకుండేది అదొక్కతే అయ్యవారూ."



"అది నా లాజిక్కుతో తేలే మాట కాదు" అన్నాడు సారు. "అమ్మాయిని అడిగినారా?"

"దాన్ని అడిగేది దేనికి?"

"వెంట పోయేది ఆమే కదా."

నాయుడు సారును ఎగాదిగా చూసినాడు. కండువా దులుపుకొని ఎల్లిపోయినాడు. మేమేమో, అయిపోయింది, ఇంక ఆశ లేదనుకున్నాము. ఆ మాపటికి నా ట్రంకు పెట్టె సర్దేసినాను కూడా.

ఇంట్లో ఏమి జరిగిందో తర్వాత గంగాధరమే చెప్పినాడు. ఆయమ్మ పేరు రాజమ్మ. మా అక్క పేరు కూడా రాజమ్మే... అది వేరే, దాని సంగతి ఇంకోనాడు. నాయుడు అన్నానికి కూర్చొని, ఊరికే అడిగినట్టు అడిగినాడంట. ఆయమ్మ గరిటె పట్టుకొనే, "ఆయన చదివితే నన్ను తీసకపోతాడనా నాయనా నీ బయ్యం? చదవనీయకపోతే మాత్రం ఉంటాడనుకున్నావా? ఈడ మనసు లేకుండా కూర్చున్నోడు ఒకనాడు చెప్పకుండా పోతాడు. చదవనీ. యాడికి పోయేదీ, ఎప్పుడు వచ్చేదీ నేను చూసుకుంటా. ఆయన్ని నువ్వు ఆపలేవు, నేను ఆపగలను" అనిందంట. గంగాధరం ఆడే కూర్చొని చారు కలుపుకుంటా ఉండాడంట, పాపం!

నాయుడు మాత్రం ఊరికే ఒప్పుకుంటాడా? షరతులు పెట్టినాడు. పొద్దున వేలంపాట అయ్యేదాకా అల్లుడు మండీలోనే ఉండాల. ప్రిన్సిపాలుగారు ఆలోచించి, మా గ్రూపు క్లాసులన్నీ మధ్యాన్నానికి మార్చేసినారు. బెల్లం వేలంపాటను బట్టి టైంటేబులు వేసిన కాలేజీని ఇంకోదాన్ని ఇన్నావా? రెండో షరతు, బోణీ కాకముందు కుప్పుసామి ఆ వీధిలోకి రాకూడదు.

నెలాఖరు దినం మధ్యాన్నం మేము తొమ్మిదిమందీ కొట్టంలో కూర్చున్నాము. గంగాధరం రాలే. ప్రిన్సిపాలుగారు వచ్చి తొంగి చూసి పోయినారు. మళ్ళీ వచ్చి చూసినారు. శేషాద్రి సారు సుద్దముక్కను ఇరిచి, ఆ ముక్కల్ని మళ్ళీ ఇరుస్తావుండాడు. బయట ఏ చెప్పుల చప్పుడైనా నేను లేచి తొంగి చూసేవాణ్ణి.

అప్పుడొచ్చినాడమ్మా! చొక్కా మోచేతుల కాడ బెల్లం అంటుకొని ఉండాది, తల చుట్టూ ఈగలు ముసురుతా ఉండాయి. వేలంపాట ఆలస్యమయిందంట, పరుగెత్తుకొని వచ్చినాడు. ఎనకాలే నాయుడు, ఆయాసపడతా. లోపలికి రాలే, కొట్టం బయట తిన్నె మీద కూర్చొని కండువాతో ఇసురుకుంటా ఉండాడు.

సారు హాజరు తీసినాడు. తొమ్మిది పేర్లు పిలిచినాడు, తొమ్మిదిమందీ పలికినాము. పెన్నుతో కింద ఒక పేరు రాసి, తలెత్తి, "గంగాధరం" అన్నాడు. వాడింకా రొప్పుతా ఉండాడు, నోట మాట రాలే. బయట తిన్నె మీదినుంచి నాయుడు మండీ గొంతుతో అరిచినాడు: "ఉండాడయ్యా, ఉండాడు! నేనే తెచ్చి ఇడిసినా!"

కొట్టమంతా గొల్లున నవ్వింది. సారు నవ్వుకుంటానే రాసుకున్నాడు. నేను నవ్వలేదులే... ఏడ్చినానేమో కొంచెం. ఇప్పుడు ఎవురికి తెలుస్తుంది?

నీకు యాడ సీటొస్తే ఆడికి పో తల్లీ, ఏ గ్రూపైనా సరే. తొలిదినం నీ పేరు పిలిస్తే గట్టిగా పలుకు, నీకు బదులు నేను పలకను రాలేను గదా ఈ మోకాళ్ళతో. సల్లంగా ఉండు, బాగా చదువుకో, నీ పక్కన మంచోళ్ళు కూర్చోవాల... ఆ, అదో, సెల్లు మోగతావుండాది చూడు.