రాజవ్వ వేసుకున్న పది

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు అవ్వ బీడీల తునికాకు మీద నీళ్లు చల్లుతున్నది. “అవ్వా, ఎల్లారెడ్డిల లెక్కల పరీక్ష రాసిన ముచ్చట చెప్పవా?” అని అడిగిన.

ఏం ముచ్చట బిడ్డా, రెండేండ్లాయె. కాదు, మూడు. లింగంపేట నుంచి ఎల్లారెడ్డిల పెద్దోళ్ల బడికి ఏడుగురం ఆడోళ్లం పోయెటోళ్లం. నా యారాలు రాజవ్వ, గదే మీ చిన్నతాత పెండ్లాం, అది గూడ అచ్చింది. మా చిన్నప్పుడు పలక ఆటానకు, అర్ధరూపాయికే అచ్చేది, అది గూడ మా నాయిన కొనియ్యలె... ఆఁ, ఏడున్న?

పది లెక్కలు, యాభై మార్కులు. రాసుడు అయినంక సారు ఏమన్నడంటె, “ఎవరికెన్నొస్తయో పేపర్ మీద మీరే ఎయ్యుండ్రి. ఇరవై దాటినోళ్ల పేర్లే పదో తరగతికి రాసుకుంట.” నేను నలభై ఏసిన. రాజవ్వ పది ఏసింది. “ఎక్కువేస్తె నగుతరక్కా” అంటది. సారు దాని పేరు ఇడిసిపెట్టిండు.

నాకు మండింది. “దిద్దకముందే పేరెట్ల ఇడుస్తవ్ సారూ?” అన్న.

“ఎవరి సంగతి వాళ్లకు ఎర్కుంటది గదవ్వా” అన్నడు.

“ఏం ఎర్క? భయమైతె ఎవరైన తక్కువనే ఏస్తరు. దాని పేరు రాయకుంటె నా పేరు గూడ కొట్టెయ్.”

రాసిండు, మూతి ముడుసుకొని. “అది ఫెయిలైతె ఇద్దర్నీ తీసేస్త” అన్నడు. “తియ్యి” అన్న. ఇంటికచ్చేదాక రాజవ్వ నన్ను తిట్టుడే తిట్టుడు.

తొమ్మిది దినాలకు పేపర్లు దిద్దినంక అచ్చినయి. నాకు ముప్పై ఐదు. అగరుబత్తుల కట్టకు ఇరవై, పన్నెండు కట్టలకు ఎన్ని అని అడిగిండ్రు. నేను ‘కట్ట’ చూసిన్నో లేదో మూడు వందలు ఏసిన. నలభై ఏండ్లసంది బీడీలు చేస్తున్న, కట్టంటె ఇరవై ఐదే గద! అన్నిట్ల నాకు గట్టి నమ్మకమున్నది గా లెక్క మీదనే, సూడు. ఇప్పటికీ అంట, గా లెక్క ఇచ్చినోడు ఎన్నడు కట్ట కట్టినోడు కాదు.

ఇగ రాజవ్వ పేపర్. సారు ఇయ్యకుంట రెండుసార్లు మార్కులు కూడిండు. ఏడుగుర్ల అందరికంటె ఎక్కువ దానికే, నలభై ఐదు.