కృష్ణ నడుమ హనుమయ్య దేశం

"భీమవ్వా, చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్యి. ఒక దేశం పుట్టుక చెప్పాల్నంటే నోరు తీపుండాలె. నవ్వకుండ్రి! కృష్ణ ఏటి నడుమ గడ్డ ఉంది సూడు, మొదాలు గాడ కాలు వెట్టింది నేనే. నేను, మా ఇంటామె నింగమ్మ, ఒక బర్రె. సోలెడు సజ్జలు సల్లినం, అంతే."

"సోలెడేనా హనుమయ్య తాతా?" అన్నాడు దేవదుర్గ బస్సు కండక్టరు ఉమేశ్.

"సోలెడే! కంకి కోయనీకె నిచ్చెన ఎయ్యాల్సొచ్చింది. గది ఇని ఏడిండ్లోల్లు వచ్చిండ్రు. ఏడు డెబ్బై అయినయి, డెబ్బై ఏడు వేలయినయి. జనమున్నంక కానూన్ ఉండాలె గద? ఒక్కటే వెట్టిన: ఎవ్వరూ ఒంటిగ కూసొని తినొద్దు. సరిహద్దుకు మొసళ్లను వెట్టిన. పాసుపోర్టు ఉన్నోన్ని ఈపు మీద ఎక్కిచ్చుకొని తెచ్చేవి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వరద! మూడు నెల్లు నీళ్లు దిగలే. ఒడ్డు మీది సర్కారు మమ్ముల మర్సింది, మేము సర్కారును మర్సినం. నీళ్లు దిగినంక చేన్ల పండుగ ఎళ్ల అమాస నాడు నింగమ్మ పచ్చ చీర కట్టెకు కట్టి, ఇగ మేం ఆజాద్ అన్న. ఢిల్లీ నుంచి విమానం ఉరికొచ్చింది. వీసా లేదని గాలిలనే నిలవెట్టిన! రెండు దినాలు నిలవడ్డది పాపం. ఆకలైతుందంటే నింగమ్మ రొట్టెలు పైకి ఇసిరింది."

"నింగమ్మ ఉన్నన్ని దినాలు రొట్టె బాగ కొట్టేది," అంది చాయ్ కొట్టు భీమవ్వ మెల్లగా.

హనుమయ్య ఆ మాట విననట్టే గొంతు పెంచాడు.

"రేపు మల్ల ఎళ్ల అమాస. మీ చేన్లల్ల భూతల్లికి చరగ సల్లుడు ఒక సల్లుడా? ముందటోడు బువ్వ సల్లుకుంట 'హులిగో' అంటె, ఎనక నీళ్లు సల్లేటోడు ఒక్కడే 'సలాంబ్రిగో' అంటడు. మా దేశంల నేను 'హులిగో' అంటె ఎనక ఏడు వేల గొంతులు! పోయినేడు ఆ కేకకు రాయచూరు కోట రాళ్లు కదిలినయి. రాండ్రి రేపు, వీసా నేనిస్త. ఉమేశూ, వస్తవా? భీమవ్వా, నువ్వు?"

"మాకూ చేను ఉంది గద తాతా," అన్నాడు ఉమేశ్. భీమవ్వ గ్లాసులు కడగసాగింది.

మూలన కూర్చున్న ముసలయ్య, ఏటిలో పుట్టి నడిపేవాడు, బీడీ ఆర్పాడు.

"హనుమయ్యా, ఆ ఏడిండ్లోల్లు ఏనాడో బెంగళూరు పనులకు పోయిరి. పోయినేడు అమాస నాడు నేను ఒడ్డు మీద పుట్టికి డాంబరు పూస్తున్న. నువ్వు 'హులిగో' అని కడుబు ఉండలు సల్లి, గంప కింద వెట్టి, ఎనకకు ఉరికి, చెంబు అందుకొని, నింగమ్మ లెక్క సన్న గొంతు వెట్టి నువ్వే 'సలాంబ్రిగో' అంటివి. మల్ల ముందటికి ఉరికితివి. చేనంత గట్లనే తిరిగితివి. ఏడు వేల మంది ఏడున్నరు?"

ఉమేశ్ నవ్వబోయి ఆగిపోయాడు. హనుమయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఒడ్డు దాంక ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

"మరి నువ్వెందుకు పలుకకపోతివి, ముసలయ్యా?"