బెల్లు లేని సైకిలు

అక్క వాకిట్లో కూర్చుని సైకిలు టైర్లలోంచి గాలి తీస్తోంది. తమ్ముడు వచ్చి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

“పొద్దున్నే నేను నిండా గాలి కొట్టి పెడితే తీసేస్తావేంటక్కా?”

“కంకర దారి మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది. కాస్త మెత్తగా ఉంటేనే పట్టు. నీకు తార్రోడ్డు తప్ప ఏం తెలుసు?”

“నీ కాలు విరిగి ఏడాదైనా కాలేదు.”

“విరగ్గొట్టింది లారీరా. కొండ కింద ఆ దారిలో స్కూటరు కూడా తిరగదు.”

“అదే నా భయం. పడితే లేపే దిక్కుండదు.”

“ఆ రోజు రోడ్డు నిండా జనమే. ఒక్కడు లేపాడా? చుట్టూ చేరి ఫోన్లలో వీడియోలు తీశారు.”

ఆమె స్క్రూడ్రైవరు అందుకుని హ్యాండిలుకున్న బెల్లు ఊడదీసింది.

“అదెందుకు పీకుతున్నావ్?”

“అక్కడ ఎవర్ని తప్పుకోమనాలి? నన్ను తప్పుకోమనేవాడూ లేడు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ‘లేవకు, ముట్టుకోకు, పక్కకి జరుగు’ అని విని విని ప్రాణం విసిగిపోయింది.”

“నీ మంచికేగా అక్కా!”

“నా మంచేదో నాకూ తెలుసు.” బెల్లు అతని చేతిలో పెట్టి సైకిలెక్కింది. “ముందు నువ్వు పక్కకి జరుగు.”

కంగారులో అతని బొటనవేలు తగిలి బెల్లు ట్రింగుమంది. అతను జరిగాడు.