యాకూబు తెచ్చిన ఏడో భాగం

నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదువుకున్నాను, చదవడం వచ్చు, అంతే. రాయడమంటే నలుగురి ఎదుటికి వచ్చి నిలబడ్డట్టుగా ఉంటుంది నాకు. కానీ ఆ సాయంత్రం యాకూబు చెప్పిన కథ చెప్పినట్టుగా ఇంకెవరికీ గుర్తులేదంటున్నారు. తలుపు వెనక కూర్చున్నవాళ్ళకి మొహాలు కనపడవు, మాటలే మిగులుతాయి. అందుకని నాకు గుర్తుంది.

మాది రొంపిచెర్ల. బస్సు ఆగే చోటే మా ఇల్లు, మా అరుగు మీదే మా ఇంటాయన టీ కొట్టు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. బస్సు వెనకాల డ్రమ్ము లాంటి పొయ్యి ఒకటి బిగించి ఉండేది. నరసరావుపేట బస్సుకి ఆ పొయ్యి రాజేసేవాడు యాకూబు. ఒళ్ళంతా మసి, నోరంతా కోతలు.

ఆ రోజుల్లో "వానగంట" అని ఏడు భాగాల కథ వచ్చేది. వానలు ఆగిపోయిన రాజ్యానికి వాన తెచ్చే గంట కోసం కేతుపాలుడనే కుర్రవాడు ఏడు సముద్రాలు దాటబోతాడు. భాగానికొక సముద్రం. మా మెట్ట ఊళ్ళ వాళ్ళకి వాన కోసం బయల్దేరిన పిల్లవాడంటే సొంత బిడ్డే. ప్రతి భాగమూ యాకూబే పేట నుంచి తెచ్చేవాడు. నేను తలుపు వెనక కూర్చుని పైకి చదివేదాన్ని. అరుగు మీద కొందరు, అరుగు కింద కొందరు వినేవాళ్ళు. ఆరో భాగం చివర పడవ బద్దలైంది. ఆ తర్వాత కాగితం కరువు వచ్చి ఏడో భాగం రెండేళ్ళు రాలేదు.

అరుగు కింద కూర్చునేవాళ్ళలో హన్నమ్మ ఒకతె. ఊరవతల పాలెంలో ఉంటుంది, కలుపు పనికి పోతుంది. ఒక్కగానొక్క కొడుకు జక్కయ్య పట్టాళంలో చేరితే బర్మా వైపు పంపారు. ఆ తర్వాత కబురు లేదు. కథలో కేతుపాలుడి తల్లి రోజూ పొద్దుగూకగానే కొడుక్కి కంచం పెట్టి కూర్చుంటుంది. అది విన్నప్పటి నుంచీ హన్నమ్మ కూడా జక్కయ్య కంచం కడిగి పెట్టడం మొదలుపెట్టింది. "ఆ బిడ్డ ఒడ్డున పడితే మావోడూ పడ్డట్టే తల్లీ" అని ఒకసారి అందరి ముందూ అంది. యాకూబూ విన్నాడు.

మా అత్తగారు రామాయమ్మగారి పట్టింపు ఒకటి చెప్పాలి. చదివే కథలో ఎవరైనా చచ్చిపోతే అక్కడ పుస్తకం మూయగూడదు. ఆ తర్వాత కథలో ఎవరో ఒకరు అన్నం తినేదాకా చదవాలి, అప్పుడే వినేవాళ్ళు లేవాలి. లేకపోతే ఆ చావు మన వెంట ఇంటికొస్తుందని ఆవిడ అంటారు. మా అరుగు మీద అందరికీ అది అలవాటైపోయింది.

ఆ సాయంత్రం యాకూబు బస్సు దిగి వట్టి చేతులతో అరుగెక్కాడు.

"ఏందిరా, ఏడో భాగం వచ్చిందంట గదా?" అన్నాడు బాజీ. బండి చక్రాలు చేసే బాజీ యాకూబుని ఒక మాట అనకుండా టీ తాగడు.

"రాకేం, వచ్చింది. పొద్దున పేటలో కొట్టు తలుపు తియ్యకముందే మొదటోణ్ణి నేను. వెనక్కి తిరిగి చూస్తే జనం స్టేషన్ దాకా ఉండారు. ఉన్నది ఒక్కటే పుస్తకం, చెయ్యి పెట్టి లాక్కున్నా. ఇందులో గొప్పేముంది, ఎవుడైనా చేస్తాడు."

"మొదలెట్టాడు" అన్నాడు బాజీ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వెనకాల ప్లీడరుగారు, నల్లకోటు, బంగారు గడియారం, టపీమని నా కాళ్ళ మీద పడ్డాడు. 'యాకూబు సాయిబూ, నాకు వాయిదా ఉంది, ఆఖరి పేజీ ఒక్కటి చూపించు' అని. పోనీలే అని చూపించా. చూడంగానే కోటు నిలువునా చించేసుకున్నాడు. అట్టాగే కోర్టుకి పొయ్యి జడ్జీగారి చెవిలో ఊదాడు. జడ్జీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఏడుపు. ముద్దాయి ఏడుపు. జవాను ఏడుస్తా ఏడుస్తా ముద్దాయి బేడీలు ఊడదీసి తన చేతులకేసుకున్నాడు..."

"ఎందుకూ ఏడవటం?" అంది హన్నమ్మ, అరుగు కింద నుంచి.

యాకూబు దగ్గాడు. "సంతోషంతో హన్నమ్మక్కా. సంతోషంతో."

"సంతోషానికి కోటు చించుకుంటారంట్రా?" అన్నాడు బాజీ.

"నువ్వు చక్రాలు చేసుకో, నీకేం తెలుసు. సరే, దాచేదేముంది, అచ్చులో తప్పు పడింది. ఆఖర్న 'ముగిసెను' అని పడాల్సిన కాడ 'మునిగెను' అని పడింది. అచ్చరాలు పేర్చేవోడు నిద్దరమత్తులో ఉన్నట్టుండాడు. అంతే, చదివినోళ్ళందరూ కేతుపాలుడు సముద్రంలో మునిగాడనుకున్నారు. గుంటూరులో ఒక్క ఇంట పొయ్యి వెలగలా. మిరపకాయల కొట్లకి తాళాలు. మంగళ్ళందరూ ఊరు ఊరికంతా గుండ్లు గీకుతుండారు, వాళ్ళకి గీకేవోడు లేక ఒకళ్ళకొకళ్ళు గీక్కుంటుండారు. మద్రాసు రైలు డ్రైవరు కొలిమి మీద వంగి ఏడిస్తే ఆ కన్నీళ్ళకి నిప్పు ఆరిపోయి రైలు తెనాలి ఇవతలే ఆగిపోయింది! అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"తోశావు" అన్నారు మా ఇంటాయన, టీ తిరగబోస్తూ.

"తోశా అన్నా! మన బొగ్గు బస్సు ముక్కు రైలు వెనకాల ఆనించి మద్రాసు దాకా తోశా. ఆడ ఆ కథ రాసినాయన మేడ చుట్టూ జనం, కర్రలు, రాళ్ళు. 'మా పిల్లోణ్ణి ముంచుతావా' అని అరుపులు. ఆయన మేడ మీద పొగగొట్టం కావిలించుకుని కూర్చున్నాడు. నేను నిచ్చెన కూడా లేకండా గోడ మీద నడిచెక్కి, 'అయ్యా, రొంపిచెర్ల నుంచి వచ్చా, ఒక్క మాట దిద్దండి' అన్నా. 'యుద్ధంలో సిరా యాడిది నాయనా' అన్నాడు. నా ఒంటి మసి గీకి నీళ్ళు కలిపిచ్చా. ఆయన దిద్దాడు. దిద్దిన మాట తడారకముందే బస్సుని నేరుగా సముద్రంలోకి దించా. పొయ్యి ఆరలా, చూసుకోండి! ఆరు సముద్రాలు దాటా. ఏడో దాంట్లో చెక్క పట్టుకుని కేతుపాలుడు. జుట్టు పట్టి పైకి లాగి బస్సు టాపు మీద కూర్చోబెట్టా."

అరుగు మీద నవ్వులు. హన్నమ్మ నవ్వినట్టు నాకు వినపడలేదు. యాకూబుకీ వినపడలేదేమో, గొంతు ఇంకా పెంచాడు.

"వొచ్చేటప్పుడు బర్మా ఒడ్డున ఆగా. బొగ్గు కోసం. ఆడ మన పట్టాళం. అందులో ఎవరుండారో తెలుసా? జక్కయ్య! అల్లా తోడు, మన జక్కయ్య! కాస్త చిక్కాడు గాని బాగుండాడు. నన్ను చూసి, 'మామా, మా అమ్మ కంచం పెడతా ఉందా?' అనడిగాడు..."

నవ్వులు ఆగిపోయాయి. మా ఇంటాయన టీ తిరగబోసే చప్పుడు కూడా ఆగింది.

"పుస్తకం యాడ?" అంది హన్నమ్మ.

"పుస్తకమా... దార్లో బొగ్గు అయిపోయిందక్కా. పొయ్యిలో ఏశా. అది మండితేనే బస్సు ఇక్కడిదాకా లాగింది."

"ఏడు సముద్రాలు దాటిన బస్సు పేట నుంచి ఇక్కడికి రాలేకపోయిందా?"

హన్నమ్మ గొంతు అరుగు దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్ యాకూబూ. నాకు అచ్చరాలు రావు. అయినా నాకు తెలుసు. కథ ముగుస్తది. మునిగేది మనిషి."

తర్వాత మాట్లాడింది యాకూబే అని నాకు నమ్మకం కలగలేదు, అంత చిన్న గొంతు.

"కొట్టాయన చేత చదివించుకున్నానక్కా. గంట ఒడ్డుకి విసిరేసి వాడు మునిగెను అని ఉంది. ఆ మాట కాడ పుస్తకం లాక్కున్నా. దాన్ని ఈ అరుగు మీదికి తేవటానికి నాకు కాళ్ళు రాలా. పొయ్యిలో ఏశా."

"వాళ్ళమ్మ కంచం ఏం చేసింది?"

"వినలా."

"ఎవరైనా అన్నం తిన్నారా చివర్న?" అన్నారు మా అత్తగారు నా పక్క నుంచి.

"వినలేదమ్మా. తెలవదు."

ఇంక ఎవరూ లేవలేదు. లేవడానికి వీల్లేదు. కథ చావు దగ్గర ఆగిపోయింది, ముందుకు చదవడానికి పుస్తకం లేదు. బస్సు డ్రైవరు హారన్ కొట్టినా యాకూబు కదల్లేదు. టీలు చల్లారిపోయాయి. చివరికి హన్నమ్మే లేచి, చీరకు అంటిన దుమ్ము దులుపుకుని, వెళ్ళిపోయింది. ఆమె వెంట ఆ చావు కూడా నడిచి పోతున్నట్టే అనిపించింది నాకు.

నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే తల దువ్వుకుని గడప దాటాను. మా అత్తగారు చూశారు. ఎక్కడికని అడగలేదు. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అన్నారు.

పాలెంలోకి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. హన్నమ్మ ఇల్లు ఏదో అడగడానికి కూడా సిగ్గేసింది. అడిగి వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. పొయ్యి రాజెయ్యలేదు. లోపల గోడ వారన కంచం, నిన్న కడిగి పెట్టినట్టే ఉంది.

"హన్నమ్మా, ఆకలేస్తోంది. ఇంత అన్నం పెట్టు" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. ఇన్నేళ్ళూ నా గొంతే విన్నది, మొహం చూడటం అదే మొదలు. "మా ఇంట తింటావా తల్లీ?"

"ఎవరో ఒకరు తినాలి గదా."

లేచి లోపలికి వెళ్ళింది. ఉన్న కంచం అదొక్కటే. దాంట్లోనే నిన్నటి జొన్నన్నం, గోంగూర పెట్టి నా ముందుంచింది. నేను తిన్నాను. "నువ్వూ" అంటే, అదే కంచంలో నుంచి ఒక ముద్ద తీసుకుని, గోడ వైపు తిరిగి మెల్లిగా తింది.

తర్వాత కంచం కడిగింది. బోర్లిస్తుందేమోనని చూశాను. బోర్లించలేదు. ఎప్పటిలాగే జక్కయ్య కోసం వెల్లకిలా పెట్టింది.